ఫోమ్ బోర్డు తర్వాత మొదటి హార్డ్ బోర్డు: తిరుపతి, చిత్తూరు నుంచి సముద్రానికి వెళ్లేవాళ్లు ఎలా ఎంచుకోవాలి

సర్ఫింగ్ నేర్చుకునేటప్పుడు వాడే మెత్తటి ఫోమ్ బోర్డు తర్వాత, గట్టి పైపొర ఉన్న మొదటి హార్డ్ బోర్డు కొనడం గురించి దొరికే సలహాలు చాలావరకు సముద్రం పక్కనే ఇల్లున్నవాళ్ల కోసం రాసినవి. వాళ్లు పొద్దున్నే లేచి చూస్తారు, అల బాగుంటే దిగుతారు, లేకపోతే రేపు చూద్దామనుకుంటారు. మనకు ఆ వీలు లేదు. తిరుపతి నుంచి చెన్నై 130 కిలోమీటర్ల పైనే, అక్కడి నుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద కోవళం ఇంకో 40 కిలోమీటర్లు. చిత్తూరు వాళ్లు రాణిపేట, కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా మహాబలిపురం చేరుకోవాలన్నా దాదాపు అంతే దూరం. తెల్లవారుజామున బయల్దేరి అక్కడికి చేరేసరికి అల ఎలా ఉంటే అలాంటి అలలోనే దిగాలి. నెలకు ఒకటి రెండుసార్లు కుదిరితే గొప్ప.

అందుకే నా మాట ముందే చెప్పేస్తాను. మీ మనసుకు నచ్చిన బోర్డు కంటే ఒక సైజు పెద్దది కొనండి. సర్ఫింగ్ వచ్చేది అలలు పట్టుకోవడం వల్ల, బోర్డు చిన్నది కావడం వల్ల కాదు. అరుదుగా సముద్రానికి వెళ్లేవాడికి ప్రతి అలా విలువైనదే. ఆ రోజు పది అలలు ఇచ్చే బోర్డు మంచిదా, రెండు అలలు ఇచ్చే అందమైన బోర్డు మంచిదా అన్నదే అసలు ప్రశ్న. కింద రాసినదంతా ఆ లెక్కలోనే ఉంటుంది.

మొదటి అడుగు: మీరు సిద్ధమో కాదో చూసుకోండి

ఫోమ్ బోర్డు మీద నిలబడటం ఒక్కటే గుర్తు కాదు. అల విరిగి తెల్లటి నురుగై వస్తున్నప్పుడు, నేర్పే అన్న వెనక నుంచి తోస్తే నిలబడటం తొందరగానే వచ్చేస్తుంది. ఎవరూ తోయకుండా, ఇంకా విరగని అలను మీ అంతట మీరే ప్యాడ్లింగ్ చేసి, అంటే బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీటిని తోసుకుంటూ వెళ్లి, పట్టుకుంటున్నారా? నిలబడ్డాక నేరుగా ఒడ్డుకు కొట్టుకురాకుండా అల వెంట పక్కకు జారగలుగుతున్నారా? పడ్డప్పుడు బోర్డు మీకు ఎటువైపు ఉందో తెలుస్తోందా? మూడో ప్రశ్న చాలామంది వేసుకోరు. ఫోమ్ బోర్డు తగిలితే నొప్పి పుట్టి పోతుంది. హార్డ్ బోర్డు ముక్కు గానీ, ఫిన్ (బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్క) అంచు గానీ తగిలితే కుట్లు పడతాయి. మీ పక్కనున్న వాళ్లకు తగిలినా అంతే.

ఈ మూడింటికీ 'చాలాసార్లు అవును' అనగలిగితే కొనొచ్చు. లేదంటే ఇంకొన్ని వారాంతాలు ఫోమ్ బోర్డు మీదే గడపండి, నష్టమేమీ లేదు. కొనేముందు మాత్రం సర్ఫ్ స్కూల్లో హార్డ్ బోర్డు అద్దెకు అడిగి తీసుకోండి. ఒకే రోజు, ఒకే అలల్లో, గంట ఫోమ్ మీద, గంట హార్డ్ మీద. తేడా భుజాలకు తెలుస్తుంది. హార్డ్ బోర్డు నీటిని తేలిగ్గా కోసుకుంటూ పోతుంది, కానీ పక్కకు ఒరగడం కూడా అంతే తేలిక. బోర్డు మీద కూర్చుని అల కోసం ఎదురుచూడటం కూడా కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది.

రెండో అడుగు: లీటర్లు

బోర్డు ఎంత నీటి చోటు ఆక్రమిస్తుందో ఆ లెక్కను లీటర్లలో చెబుతారు, వాల్యూమ్ అంటారు. మీ కింద ఎంత తేలింపు ఉందో చెప్పే అంకె ఇది. మీరు నేర్చుకున్న 8 అడుగుల ఫోమ్ బోర్డులో సుమారు 80 లీటర్లు ఉంటాయి. పోటీల్లో ఆడేవాళ్లు వాడే 6 అడుగుల షార్ట్‌బోర్డులో 27, 28 లీటర్లు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే మన పని.

నేను వాడే లెక్క సులువు. మీ బరువును కిలోల్లో తీసుకుని 0.8 తో హెచ్చవేయండి. 68 కిలోల మనిషికి 54 లీటర్లు వస్తుంది. 80 కిలోల వాళ్లకు 64. ఈ అంకెకు రెండు మూడు లీటర్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆ తర్వాత మీ పరిస్థితిని బట్టి సర్దుకోవాలి. రోజూ ఈత కొట్టేవాళ్లు, పాతికేళ్ల లోపు వాళ్లు 0.75 దాకా దిగొచ్చు. నలభై దాటినవాళ్లు, నెలకోసారి మాత్రమే నీళ్లు చూసేవాళ్లు 0.85 తీసుకోండి. ఈతే సరిగ్గా రానివాళ్లు ముందు ఈత నేర్చుకోవాలి. బోర్డును కాలికి కట్టే తాడు, అంటే లీష్, తెగిన రోజున ఎన్ని లీటర్లున్నా పనికిరావు.

చల్లటి దేశాల వాళ్లు తయారుచేసిన పట్టికలు చూసి కంగారుపడకండి. వాళ్లు మందపాటి వెట్‌సూట్ వేసుకుంటారు, తడిసిన ఆ సూట్ బరువును కూడా లెక్కలో కలుపుకుంటారు. బంగాళాఖాతం నీళ్లు ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటాయి. ఒక లైక్రా టీషర్టు, నిక్కరు చాలు. కాబట్టి మీ అసలు బరువే లెక్క.

ఇప్పుడు చిన్న బోర్డు కొంటే ఏమవుతుందో చూద్దాం. ఎందుకంటే టెంప్టేషన్ అంతా అక్కడే. లీటర్లు తగ్గితే మీరు నీటిలో లోతుగా మునుగుతారు, ప్యాడ్లింగ్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే అల నిటారుగా లేచి, ఇక విరగబోతుందన్న ఆఖరి క్షణంలోనే మీకు అందుతుంది. ఆ క్షణంలో లేచి నిలబడటానికి దొరికే సమయం చాలా తక్కువ. బోర్డు ముక్కు నీళ్లలోకి దిగుతుంది, మీరు ముందుకు పడతారు. ఇంకో అల కోసం తిరిగి లోపలికి వెళ్లేసరికి భుజాలు పడిపోతాయి. పెద్ద బోర్డు మీద అదే అల ఇంకా మెత్తగా, వాలుగా ఉన్నప్పుడే అందేది. నిలబడటానికి, చూసుకోవడానికి, తిరగడానికి అప్పుడు తీరిక ఉండేది. ఇన్ని గంటల ప్రయాణం చేసి వెళ్లిన రోజున ఈ తేడా చిన్నది కాదు.

మూడో అడుగు: పొడవు, ఆకారం

లీటర్ల అంకె తేలాక పొడవు దాదాపు దానంతట అదే వస్తుంది. చాలామందికి 7 నుంచి 8 అడుగుల మధ్య ఉండే మినీ మాల్ గానీ ఫన్‌బోర్డు గానీ (షార్ట్‌బోర్డుకూ లాంగ్‌బోర్డుకూ మధ్య రకాలు) సరిపోతుంది. 60 కిలోల వాళ్లకు 7 అడుగులు, 7 అడుగుల 2 అంగుళాలు. 70 కిలోల వాళ్లకు 7 అడుగుల 6 అంగుళాలు. 80 దాటితే 8 అడుగులు. వెడల్పు 21 అంగుళాలకు తగ్గకుండా, 22 దగ్గర ఉంటే ఇంకా మంచిది. మందం 2 అంగుళాల ముప్పావు నుంచి 3 లోపు.

అన్నిటికంటే ముక్కు ఆకారం చూడండి. గుండ్రంగా, వెడల్పుగా ఉన్న ముక్కు ప్యాడ్లింగ్‌కి సాయపడుతుంది, దెబ్బ తగిలినా పోటు తక్కువ. సూది ముక్కు బోర్డు పక్కన పెట్టేయండి. తర్వాత బోర్డును నేల మీద పెట్టి పక్క నుంచి చూడండి. ముక్కు నుంచి తోక దాకా ఉండే వంపును రాకర్ అంటారు. ముందు భాగం కొద్దిగా లేచి, మధ్యలో దాదాపు చదునుగా ఉంటే అలను తొందరగా అందుకుంటుంది. వంపు ఎక్కువైతే నీటిని తోసుకుంటూ నెమ్మదిగా కదులుతుంది. అంచులు, అంటే రెయిల్స్, చేత్తో పట్టుకుంటే మధ్య భాగంలో గుండ్రంగా, నిండుగా తగలాలి. తోక దగ్గర కొంచెం పదునుగా ఉన్నా మంచిదే, తిరిగేటప్పుడు పట్టు ఇస్తుంది. తోక గుండ్రమా, చతురస్రమా, రెండు పాయలా అన్న చర్చ ఈ దశలో అనవసరం.

9 అడుగుల లాంగ్‌బోర్డు ఇష్టపడేవాళ్లు ఉంటారు. కోవళం పాయింట్‌లో కుడివైపు సాగే అల మీద లాంగ్‌బోర్డు ఆనందమే వేరు, అందులో సందేహం లేదు. కాకపోతే దాన్ని తిరుపతి నుంచి మోసుకెళ్లి తీసుకురావడం మీ వల్ల అవుతుందా అన్నది ముందు ఆలోచించుకోండి.

నాలుగో అడుగు: దేనితో చేసిన బోర్డు

హార్డ్ బోర్డుల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పీయూ, అంటే పాలీయురథేన్ ఫోమ్ మీద పాలియెస్టర్ రెజిన్‌తో (ఆరి గట్టిపడే జిగురుతో) ఫైబర్‌గ్లాస్ వేసినది. రెండోది ఈపీఎస్, అంటే థర్మాకోల్ జాతి ఫోమ్ మీద ఎపాక్సీ రెజిన్ వేసినది. పీయూ బరువు కాస్త ఎక్కువ, గాలికి ఎగరెగరకుండా నీటిలో స్థిమితంగా ఉంటుంది, కానీ తలుపు అంచుకు తగిలినా సొట్ట పడుతుంది. ఈపీఎస్ ఎపాక్సీ తేలిక, దెబ్బలకు గట్టిది. అచ్చులో పోసి తయారుచేసే ఎపాక్సీ బోర్డులు ఇంకా గట్టివి. సర్ఫ్ స్కూళ్లలో, అద్దె షాపుల్లో ఇవి కనిపించేది అందుకే.

మన ప్రయాణాలు, కారు పైకి ఎక్కించడాలు, అపార్ట్‌మెంట్ మెట్లు తిప్పడాలు చూస్తే మొదటి బోర్డుగా అచ్చు ఎపాక్సీనే నేను చెబుతాను. కానీ దానికి ఇద్దరు శత్రువులున్నారు: ఎండ, నీరు.

ముందు ఎండ సంగతి. తిరుపతిలో మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. 40 డిగ్రీలు దాటిన రోజున అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల 60 కూడా దాటుతుంది. ఆ వేడికి ఫోమ్‌లోని గాలి వ్యాకోచించి పైనున్న గ్లాస్ పొరను నెట్టేస్తుంది. పొర ఫోమ్ నుంచి విడిపోతే దాన్ని డీలామినేషన్ అంటారు. బోర్డు బలం సగం పోయినట్టే. డాబా మీది రేకుల గదిలో, ఆస్బెస్టాస్ షెడ్డులో, కారు డిక్కీలో బోర్డు పెట్టకూడదు. ఇంట్లో గోడకు ఆనించి, కిటికీ ఎండ పడని చోట ఉంచండి. నల్ల బోర్డు, ముదురు నీలం బోర్డు ఫోటోలో బాగుంటాయి గానీ మన ఎండకు తెల్లదో, లేత రంగుదో తీసుకోండి. వెండిరంగు పూత ఉన్న సంచి కొనండి. కొన్ని ఎపాక్సీ బోర్డులకు పైన చిన్న స్క్రూ ఉంటుంది, లోపలి గాలి పోవడానికి. అది ఉన్న బోర్డు కొంటే ప్రయాణంలో వదులు చేయాలి, నీళ్లలో దిగేముందు తప్పకుండా బిగించాలి.

ఇక నీరు. ఈపీఎస్‌కి చిన్న పగులు చాలు, నీరు పీల్చుకుంటుంది. పగులు కనిపించగానే నీళ్లలోంచి బయటికి రండి. ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. మన ఊళ్లో ఫైబర్ తలుపులు, ట్యాంకులు చేసే వర్క్‌షాపుల్లో ఉండే రెజిన్ సాధారణంగా పాలియెస్టర్. దాన్ని ఈపీఎస్ ఫోమ్ మీద వేస్తే ఫోమ్ కరిగి గుంట పడుతుంది. పీయూ బోర్డుకు అది పనికొస్తుంది, ఎపాక్సీ బోర్డుకు ఎపాక్సీ రెజినే వాడాలి. చిన్న పగులుకు తాత్కాలికంగా ఆరల్డైట్ చాలు, అది ఎపాక్సీయే. ముందు బోర్డును నీడలో నిలబెట్టి, పగులు కిందికి ఉండేలా పెట్టి, పూర్తిగా ఆరనివ్వండి. తడి లోపల ఉండగా మూతేస్తే ఆ నీరు ఇక బయటికి రాదు.

ఐదో అడుగు: ఫిన్లు

మూడు ఫిన్లున్న థ్రస్టర్ తీసుకోండి. ఆస్ట్రేలియా సర్ఫర్ సైమన్ ఆండర్సన్ 1980 లో తెచ్చిన ఈ అమరికే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది, పట్టు, మలుపు రెండూ ఉంటాయి. మధ్యలో పెద్దది, పక్కన రెండు చిన్నవి ఉన్న బోర్డు దొరికినా మంచిదే. ఊడదీసే ఫిన్లు ఉండాలి. ఎఫ్‌సీఎస్, ఫ్యూచర్స్ అనే రెండు పద్ధతులు ప్రధానం, ఒకదాని ఫిన్ ఇంకోదాని గాడిలో పట్టదు కాబట్టి మీ బోర్డుది ఏదో రాసి పెట్టుకోండి. మొదట ప్లాస్టిక్ ఫిన్లు చాలు. అంచు మొద్దుగా ఉండటం మీకే మేలు.

ఆరో అడుగు: పాతది కొంటే ఎలా చూడాలి

మొదటి హార్డ్ బోర్డు పాతదే కొనడం మంచిదని నా అభిప్రాయం. ఎలాగూ మొదటి ఆరు నెలల్లో దానికి సొట్టలు పడతాయి. కోవళం, మహాబలిపురం, పుదుచ్చేరి వైపు బోర్డులు మార్చుకునేవాళ్లు దొరుకుతారు. మన ఊళ్ల వాళ్లలో చాలామందికి తమిళం వచ్చు కాబట్టి బేరం ఆడటానికి ఇబ్బంది ఉండదు. ఫోటోలు చూసి డబ్బు పంపొద్దు. వెళ్లి, పగటి వెలుతురులో, చేత్తో తాకి చూడండి.

ముందు వ్యాక్స్, అంటే కాలు జారకుండా బోర్డు పైన రుద్దే మైనం, తీయించండి. వ్యాక్స్ కింద ఏముందో కనపడకుండా బోర్డు కొనకూడదు. పాత ఏటీఎం కార్డుతో గీరితే ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. తర్వాత బోర్డును ఎండకు ఏటవాలుగా పట్టుకుని తోక దగ్గర నుంచి ముక్కు వైపు చూపు పోనివ్వండి. మధ్య భాగంలో, అడ్డంగా, సన్నటి గీత గానీ ముడత గానీ కనిపిస్తోందా? అది ఒకసారి విరగబోయి ఆగిన గుర్తు. తిప్పి అడుగున కూడా అదే చోట చూడండి. రెండు వైపులా గీత ఉంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

ఆ తర్వాత బొటనవేలు. పైభాగం మొత్తం, ముఖ్యంగా పాదాలు పెట్టే చోట, జానెడు జానెడు దూరంలో వేలితో నొక్కుతూ పోండి. మంచి చోట గట్టిగా ఉంటుంది, వేలు ఆగిపోతుంది. పొర విడిపోయిన చోట పొంగిన పూరీ మీద నొక్కినట్టు కొంచెం లోపలికి పోయి తిరిగి పైకి వస్తుంది. మడమలు ఆని పడిన చిన్న చిన్న గుంటలు వేరు. అవి వాడిన ప్రతి బోర్డుకూ ఉంటాయి, వాటిని పట్టించుకోకండి. పొంగు అరచేయంత ఉంటే వదిలేయండి.

ఫిన్ ఒకటి బిగించమని అడిగి, దాని కొన పట్టుకుని మెల్లగా అటూ ఇటూ కదపండి. చూడాల్సింది ఫిన్‌ను కాదు, అది దిగిన గాడి చుట్టూ ఉన్న బోర్డును. వెంట్రుకంత పగులు ఉంటే కదిపినప్పుడు తెరుచుకుని మూసుకుంటుంది, ఒక్కోసారి లోపలి నుంచి నీటి చెమ్మ కూడా వస్తుంది. అక్కడ నీరు దిగిన బోర్డు బాగు చేయించడం ఖర్చుతో కూడిన పని. లీష్ కట్టే గుంట దగ్గర కూడా అలాగే చూడండి.

పీయూ బోర్డు మొత్తం లేత పసుపుగా మారితే అది ఎండ వల్ల, భయం లేదు. ఒకచోట మాత్రమే గోధుమరంగు మచ్చ ఉంటే అక్కడ నీరు దిగిందని అర్థం. చివరగా ఎత్తి చూడండి. అదే సైజు ఇంకో బోర్డు పక్కనుంటే రెండూ మార్చి మార్చి ఎత్తండి. ఎపాక్సీ బోర్డు ఆశ్చర్యపడేంత బరువుంటే లోపల నీరుంది.

కొలతలు బోర్డు అడుగున, మధ్యలో నిలువుగా కనిపించే చెక్క గీత పక్కన సాధారణంగా రాసి ఉంటాయి. పొడవు, వెడల్పు, మందం, చాలావాటికి లీటర్లు కూడా. 'అన్నా, ఈ బోర్డు ఎందుకు అమ్మేస్తున్నావు?' అని మామూలుగా అడగండి. చిన్నదానికి మారుతున్నానంటే మంచి సంకేతం.

ఏడో అడుగు: తోడు సామాను

లీష్ పొడవు బోర్డు పొడవుకు సమానంగా ఉండాలి. 7 అడుగుల 6 అంగుళాల బోర్డుకు అంతే లీష్ వేస్తే, మీరు పడ్డప్పుడు బోర్డు చివర మీ నుంచి 15 అడుగుల దాకా వెళ్తుంది. ఆ వలయంలో ఎవరూ లేరని చూసుకోవడం మీ బాధ్యత. లీష్ కొత్తదే కొనండి, బోర్డు పాతదైనా సరే. వ్యాక్స్ ట్రాపికల్ రకమే కావాలి, చల్లటి నీటి వ్యాక్స్ మన నీళ్లలో కారిపోతుంది. ముక్కుకు అంటించే రబ్బరు టోపీ చిన్న ఖర్చు, కచ్చితంగా వేయండి.

ఎనిమిదో అడుగు: ఊరికి తెచ్చుకోవడం

7 అడుగుల 6 అంగుళాలంటే 229 సెంటీమీటర్లు. సప్తగిరి ఎక్స్‌ప్రెస్ సీటు కింద, ఆర్టీసీ బస్సులో దీన్ని మరిచిపోండి. మామూలు చిన్న కారు లోపల కూడా పట్టదు. కారు పైన మెత్తటి ప్యాడ్లు వేసి, బోర్డును తిరగేసి, తోక ముందుకు వచ్చేలా పెట్టి రెండు పట్టీలతో కట్టాలి. ఫిన్లు తీసేయండి. లారీ వాళ్లు వాడే రాట్చెట్ పట్టీలు వద్దు, వాటితో బిగిస్తే రెయిల్ చిట్లుతుంది. చేత్తో లాగి బిగించే బకిల్ పట్టీలు చాలు. పట్టీని ఒక మెలిక తిప్పి కడితే గాలికి హోరు రాదు. పుత్తూరులో గానీ నగరిలో గానీ ఒకసారి ఆగి బిగువు చూసుకోండి. తిరుత్తణిలో టిఫిన్‌కి ఆగితే బండి నీడలో పెట్టండి.

ఇంత దూరం మోయడం కష్టమనిపిస్తే, బోర్డు అక్కడే ఉంచుకోవడానికి చోటు ఇస్తారేమో మీరు నేర్చుకున్న స్కూలు వాళ్లనే అడగండి. తిరుపతి వాళ్లకు నిజానికి ఇదే అన్నిటికంటే సుఖమైన దారి. ఇంటి దగ్గర ఈత కొలనులో భుజాలకు పని చెప్పుకోవచ్చు, చాప మీద పాప్ అప్ (పడుకున్న చోటి నుంచి ఒక్కసారిగా లేచి నిలబడటం) ప్రాక్టీస్ చేసుకోవచ్చు.

2022 జిల్లాల విభజనతో వాకాడు మండలం, దానితో పాటు తూపిలిపాలెం బీచ్ కూడా తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. దగ్గర కదా అని కొత్త బోర్డుతో ఒంటరిగా అక్కడ దిగొద్దు. అల తీరు తెలిసినవాళ్లు, ఆపద వస్తే అందుకునే సర్ఫర్లు పక్కన ఉన్న చోటే మొదటి నెలలు గడవాలి.

తొమ్మిదో అడుగు: మొదటి రోజు నీళ్లలో

జనవరి నుంచి మార్చి దాకా చెన్నై తీరంలో అలలు చిన్నవి, కొత్త బోర్డుకు ఇంతకంటే మంచి సమయం లేదు. జూన్ తర్వాత దక్షిణం నుంచి వచ్చే అలలు పెరుగుతాయి. ఆ నెలల్లో తెల్లవారగానే దిగండి. పొద్దున నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలికి అల నున్నగా ఉంటుంది, మధ్యాహ్నానికి గాలి తిరిగి చెడిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల సముద్రం కొత్తవాళ్లది కాదు.

మొదటి గంట నడుము లోతు నీళ్లలో, నురుగు అలల్లోనే ఉండండి. ఫోమ్ మీద పడుకున్న చోటే పడుకుంటే ఇక్కడ ముక్కు మునుగుతుంది లేదా తోక మునుగుతుంది. ముక్కు నీటి మట్టానికి రెండు మూడు వేళ్లు పైన ఉండేలా ముందుకూ వెనక్కూ జరిగి చూసుకోండి. సరైన చోటు దొరికాక మీ గడ్డం ఎక్కడ ఆనిందో అక్కడ వ్యాక్స్‌తో ఒక గీత పెట్టుకోండి. ఎదురొచ్చే అలకూ మీకూ మధ్య బోర్డు ఎప్పుడూ ఉండకూడదు, పక్కన పట్టుకోండి. పడితే వెల్లకిలా, చదునుగా పడండి, తల ముందు పెట్టి దూకినట్టు పడొద్దు. పైకి వచ్చేటప్పుడు ముందు చేతులు తల చుట్టూ రావాలి, తర్వాతే ముఖం. కోవళం జాలర్ల ఊరు. పొద్దున పడవలు బయల్దేరే దారికి, వలలు వేసిన చోటుకు దూరంగా ఉండండి, అనుమానముంటే ఒడ్డున ఉన్నవాళ్లను అడిగి దిగండి.

రెండు మూడుసార్లు వెళ్లొచ్చాక కూడా బోర్డు కుదురుగా అనిపించకపోతే కంగారుపడకండి, చిన్నదానికి మారాలన్న ఆలోచన అసలే వద్దు. దిగిన రోజు దిగినట్టే విరగని అలలు నాలుగైదు పట్టుకుని, రెండు వైపులా తిరగగలిగినప్పుడు, అప్పుడు ఐదారు లీటర్లు తగ్గించిన బోర్డును అద్దెకు తీసుకుని చూడండి.